ఫైనల్ కోసం దాచిన బంతి

గడచిన ఆదివారం గద్వాల మైదానంలో, ఎండ ఇంకా నడినెత్తికి రాకముందే, మా బావ మనవరాలు విసిరిన నాలుగో బంతి కూడా ప్లేటుకు జానెడు పక్కగా పోయింది. అంపైర్ చెయ్యి ఎత్తలేదు. మూడో బేస్ మీద నిలబడ్డ అవతలి జట్టు పిల్ల పరుగెత్తవలసిన అవసరం కూడా లేకుండా, చెప్పుల దుకాణానికి పోతున్నంత తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి ప్లేటు తొక్కింది. ఆట అయిపోయింది. మావాళ్లు పదకొండు పరుగులు చేసి ఒక్క పరుగుతో ఓడిపోయారు.

ఈ ఆట తెలియనివారికి ఒక్క మాట చెప్పాలి. బేస్‌బాల్‌లో బంతి విసిరే మనిషిని పిచర్ అంటారు. కొట్టే మనిషి పక్కన నేల మీద పరిచిన తెల్లటి పలకే ప్లేటు. అక్కడినుంచి మూలకొకటిగా ఉన్న మూడు బేస్‌లూ చుట్టి మళ్లీ ప్లేటు తొక్కితే ఒక పరుగు. బంతి ఆ పలక మీదుగా, కొట్టే మనిషి మోకాలికీ ఛాతీకీ మధ్యలో పోవాలి. అలా పోనివి నాలుగు పడితే, కొట్టే మనిషి బ్యాటు అక్కడే పడేసి మొదటి బేస్‌కు ఉత్త పుణ్యానికి నడిచిపోవచ్చు. అన్ని బేస్‌ల మీదా మనుషులు నిండి ఉంటే అందరూ ఒక్కో మెట్టు ముందుకు జరుగుతారు, మూడో బేస్ మీది మనిషి ప్లేటు చేరుతుంది, పరుగు వచ్చేస్తుంది. కొట్టించుకొని ఓడితే అదొక రకం. ఎవరూ కొట్టకుండానే, తన చేతి బంతితోనే జట్టును ఓడించుకోవడం ఇంకొక రకం.

నా వెనక గోడ మీద కూర్చున్న ఒకాయన పక్కాయనతో అన్నాడు, "కొట్టుడైతే మస్తుగ కొట్టిండ్రు గని, ఇసురుడే శాతకాలే." ఈ మాట నేను ముప్పై ఏడేళ్ల కిందట విన్నాను. విన్నాను అనడం తప్పు, రాశాను. అచ్చులో. బావ నా పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని మైదానం వైపు చూడకుండా తన అరచేతిని చూసుకుంటున్నాడు. నా కాళ్ల దగ్గర గుడ్డసంచి ఉంది, దాన్లో ఒక పాత బంతి ఉంది. ఆ బంతిని ఆయనకు ఇవ్వాలని అంతకుముందు నాలుగు ఆటలకూ తెచ్చాను, నాలుగుసార్లూ తిరిగి ఇంటికి తీసుకుపోయాను. ఆ ఆదివారం కూర్చోలేక లేచాను, నిలబడలేక కూర్చున్నాను, మంచినీళ్ల క్యాను దగ్గరికి రెండుసార్లు పోయి తాగకుండా వచ్చాను. వార్తలు రాసి బతికినవాడికి ఇంత నిలకడలేనితనం అలవాటు లేదు.

ఆయన మా మేనమామ కొడుకు, నాకంటే రెండేళ్లు పెద్ద. ఊరు పెద్దమందడి పక్కన. ఇద్దరం వనపర్తిలో చదువుకున్నాం. ఆ రోజుల్లో మా కాలేజీకి వచ్చిన పీటీ సార్ ఎక్కడో శిక్షణలో ఈ ఆట చూసి వచ్చి, ఉమ్మడి జిల్లాకు ఒక జట్టు కట్టాలని పట్టుబట్టారు. గద్వాల నుంచి ముగ్గురు, నాగర్‌కర్నూల్ నుంచి నలుగురు, బల్మూర్ నుంచి ఇద్దరన్నదమ్ములు, మిగిలినవాళ్లం వనపర్తి చుట్టుపక్కలవాళ్లం. ఆటంటే ఏమిటో మాలో ఒక్కరికీ తెలియదు. అయినా మొదటి రోజు బ్యాట్లు చేతికిచ్చి నిలబెడితే, సార్ విసిరిన ప్రతి బంతినీ కాలేజీ ప్రహరీ అవతలికి కొట్టాం.

అందులో ఆశ్చర్యమేమీ లేదు. మాకు నడక వచ్చిన నాటినుంచీ చిర్రగోనె తప్ప ఇంకో ఆట లేదు. నేల మీది చిన్న కట్టెపుల్లను పెద్ద కట్టెతో గాల్లోకి లేపి, అది కిందపడే లోపల మళ్లీ కొట్టగలిగినవాడికి, బొప్పాయంత కనిపించే బంతిని కొట్టడం ఒక లెక్కా. అది కాకపోతే కల్లంలో ఆముదపు కాయలు కొట్టాం, కందికట్టె కొట్టాం, భుజాలు అలాగే తయారయ్యాయి. బ్యాట్లు కూడా మా ఊరివే. కచ్చరాల బండి చక్రాలకు ఆకులు చేసే వడ్లాయన తుమ్మకర్రను చెక్కి ఇచ్చినవి. అవి ఎంత బరువుండేవంటే, తరువాత ఎప్పుడో బయటివాళ్ల బ్యాటు పట్టుకున్నప్పుడు చేతిలో ఏమీ లేదనిపించింది. దాంతో సార్‌కు ఒక సిద్ధాంతం కుదిరింది. "వాండ్లు పది కొడితే మనం పదకొండు కొట్టాలె, గంతే" అనేవారు. పొద్దున కొట్టుడు, సాయంత్రం కొట్టుడు. చూడడానికి వచ్చే ఊరి జనం కూడా కొట్టుడే చూడడానికి వచ్చేవాళ్లు. బంతి విసిరేవాడిని ఎవరు చూస్తారు.

విసరడం మాత్రం ఎవరికీ రాలేదు. క్రికెట్‌లో వేగంగా బౌలింగ్ చేసే గద్వాల అబ్బాయిని నిలబెడితే బంతిని నేలకు కొట్టకుండా ఉండలేకపోయాడు. బల్మూర్ అన్నదమ్ముల్లో పెద్దవాడిని నిలబెడితే మూడో రోజు భుజం పట్టుకొని కూర్చున్నాడు. అప్పుడు నేనే మా బావ పేరు చెప్పాను. ఆయన చిన్నప్పటినుంచి వానకాలం పంట గింజ పట్టే దినాల్లో జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టలు తోలినవాడు. వడిసెలలో రాయి పెట్టి తిప్పి వదిలితే అది గాలిని కోసుకుంటూ పోయే చప్పుడు రెండు చేల అవతలికి వినిపించేది. ఉత్త చేత్తో విసిరినా అంతే. సార్ ఆయనచేత బంతి విసిరించి, ఆ వేగం చూసి, ఇక వెతకక్కర్లేదన్నారు.

మేము ఆలోచించని సంగతి ఒకటుంది. మంచె మీద నిలబడ్డవాడు పిట్టను కొట్టడానికి విసరడు. రాయి కంకి మీద పడితే గింజ రాలిపోతుంది, అందుకని చేను మీదుగా పోయి అవతలి గట్టు మీద పడేటట్టు విసురుతాడు. పదేళ్లపాటు దేనికీ తగలకుండా విసరడం నేర్చుకున్న చేతిని తీసుకొచ్చి, ఇక నుంచి పలక మీదుగానే పోవాలిరా అని చెప్పాం. వేగం చూశాం, ఎక్కడ పడుతుందో చూడలేదు.

క్యాచర్‌గా ఆయన ఎదురుగా కూర్చొని బంతి పట్టేవాడిని నేనే. జట్టు కెప్టెన్‌నీ నేనే. సామాను పెట్టే ఇనుప పెట్టె తాళంచెవి నా మొలతాడుకు ఉండేది. ఆ పెట్టెలో అసలు బంతులు నాలుగే ఉన్నాయి. తెల్లటి తోలు, ఎర్రటి కుట్లు, ఒక్కొక్కటి పలచటి కాగితంలో చుట్టి. రాష్ట్ర పోటీల్లో ప్రతి ఆటకూ జట్టు ఒక కొత్త బంతి ఇవ్వాలన్నది నియమం. మొదటి ఆటకు ఒకటి, రెండోదానికి ఒకటి, సెమీఫైనల్‌కు ఒకటి, ఫైనల్‌కు ఒకటి. మేం రోజూ ఆడిన బంతులు గుడ్డపేలికలు ఉండగా చుట్టి, పైన సైకిలు ట్యూబు ముక్కలు తొడిగినవి. కొట్టేవాళ్లకు అవి చాలు, దేన్నయినా కొడతారు. విసిరేవాడి సంగతి వేరు. తోలు బంతి కుట్ల మీద వేళ్లు ఆనించి వదిలితేనే అది చెప్పినట్టు వింటుంది. మా బంతులకు కుట్లే లేవు, బరువు కూడా ఏ రెండింటికీ ఒకటి కాదు. కొత్తబట్టలు పండుగకే తీయాలన్నట్టు, అసలు బంతి ఆటనాడే తీయాలని మేం అనుకున్నాం. అలా అనుకోవడం తప్పని మా ఇళ్లల్లో ఎవరూ నేర్పలేదు.

ఆ పోటీలు మాకందరికీ సరదా, బావకు మాత్రం కాదు. ఆయనకు వ్యాయామ విద్య కోర్సులో సీటు కావాలి, తనూ పీటీ సార్ అవ్వాలి. మార్కులతో రాదు. ఫైనల్ ఆడిన రెండు జట్ల పిల్లలకు మెరిట్ సర్టిఫికెట్ ఇస్తారు, అది ఉంటే క్రీడా కోటాలో వస్తుంది. వాళ్లది కౌలు సేద్యం, వరుసగా రెండేళ్లు వానలు మొహం చాటేశాయి. మా మేనమామ ముందే చెప్పేశాడు, సీటొస్తే చదువు, రాకుంటే కూలీలను తీసుకుపోయే గుంపు మేస్త్రీతో కర్ణాటకలో కాలువ పనులకు అందరితోపాటు నువ్వూ నడువు అని. మా జట్టులో అందరికీ ఈ సంగతి తెలుసు. నాకు అందరికంటే ఎక్కువ తెలుసు.

దసరా సెలవులకు ఊళ్లకు పోయే రోజు బావ పెట్టె దగ్గరికి వచ్చాడు.

"ఒక్క బాలియ్యిరా బామ్మర్ది. సెలవులల్ల ఊర్ల గోడకు ఇసురుకుంట."

"ఖరాబైతది బావా. నాలుగే ఉన్నయి. ఫైనల్‌కు ఏం తీస్కపోతం?"

"ముందుగాల ఫైనల్ దాంక పోవాలె గదరా."

నవ్వుకుంటూనే అన్నాడు. నేను కూడా నవ్వి తాళం వేశాను. సార్‌ను అడిగితే ఇచ్చేవారేమో, నేను అడగలేదు. పెట్టె నాది కాబట్టి మాట కూడా నాదే అనుకునే వయసు. బావ రెండు ట్యూబు బంతులు జేబుల్లో కుక్కుకొని బస్సెక్కాడు. పది రోజులు కొట్టం వెనక గోడ మీద బొగ్గుతో గీత గీసి విసిరాడని మా అత్త తరువాత చెప్పింది, గోడ సున్నం అంతా రాలిపోయిందట.

పోటీలు సముద్రం దగ్గర ఒక పట్టణంలో జరిగాయి. మొదటి ఆట మేం కొట్టి గెలిచాం. రెండోది కూడా కొట్టే గెలిచాం. బావ ఎంతమందిని ఊరికే నడిపించాడో, మావాళ్లు అంతకంటే ఎక్కువ కొట్టారు. బల్మూర్ తమ్ముడు కొట్టిన ఒక బంతి మైదానం పక్క తాటిచెట్టు మట్టల్లో ఇరుక్కుంటే, ఆ ఊరి పిల్లలు దాన్ని చూడడానికి మర్నాడు కూడా వచ్చారు. సార్ సిద్ధాంతం నిలబడింది. ఆ రెండు ఆటల్లో బావ అలసిపోతున్నాడని, ఆయన బదులు విసరడానికి మా దగ్గర ఇంకొకడు లేడని ఎవరూ అనుకోలేదు. గెలుస్తున్నవాళ్లు అలాంటివి అనుకోరు.

సెమీఫైనల్ ఆఖరి వంతుకు మేం ఒక్క పరుగు ముందున్నాం. అవతలివాళ్లలో ఇద్దరు ఔటయ్యారు, ఇంకొక్కడు చాలు. ముగ్గురిని బావ వరసగా నడిపించాడు, బేస్‌లు నిండిపోయాయి. నేను లేచి ఆయన దగ్గరికి పోయాను. ఆ ఊరి ఉక్కపోతకు ఆయన మోచేతి నుంచి చెమట కారుతోంది, మా పొడినేల మీద ఎన్నడూ అంత చెమట చూడలేదు. జర నిమ్మలంగ ఎయ్యి బావా అన్నాను. ఆయన బంతి వైపు, పరాయి వస్తువు వైపు చూసినట్టు చూశాడు.

"చేతుల నిలుస్తలేదురా. సబ్బు పట్టుకున్నట్టుంది."

ఆ తరువాత ఎనిమిది బంతులు. ఒకడు నడిచాడు, సమానమైంది. ఇంకొకడు నడిచాడు, ఓడిపోయాం. ఆ ఎనిమిదింట్లో ఒక్కటీ చెడ్డగా పోలేదు. అన్నీ ప్లేటు మీదికి వచ్చినట్టే వచ్చి, ఆఖరికి కొంచెం పైనుంచి, కంకులకు తగలకుండా చేను దాటినట్టు దాటిపోయాయి. నేను ప్రతిదాన్నీ చెయ్యి పైకెత్తి పట్టాను.

అప్పటికే నేను ఒక దినపత్రికకు ఊరి వార్తలు పంపడం మొదలుపెట్టి ఆరు నెలలయింది. తిరుగు రైల్లో, చెక్క బల్ల మీద కూర్చొని, ఆటల పేజీకి నాలుగు వాక్యాలు రాశాను. బ్యాటింగ్‌లో మెరిసిన జిల్లా జట్టు పిచర్ వైఫల్యంతో సెమీఫైనల్‌లో ఓడిందని, పిచర్ పేరుతో సహా. పేరు రాయాలని నాకు అప్పుడే నేర్పారు. బావ ఎదుటి బల్ల మీద కిటికీకి తల ఆనించి కూర్చున్నాడు. ఆ వార్తలో అబద్ధం ఒక్క అక్షరం లేదు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏమిటి, అన్నీ ఉన్నాయి. ఎందుకు అన్నది లేదు. తరువాత ముప్పై ఏళ్లు డెస్కులో కూర్చొని, పిల్ల విలేకరుల వార్తలు దిద్దుతూ, ఎందుకన్నది ఏదిరా అని నేను ఎంతమందిని సతాయించానో వాళ్లనే అడగాలి.

వార్త రెండు రోజుల తరువాత వచ్చింది. బస్టాండు హోటల్లో బావ కనిపించాడు, చేతిలో ఆ పేజీ మడత పెట్టి ఉంది.

"నా పేరు పేపర్ల ఎక్కిచ్చినవు గదరా. మా నాయినకు సూపెట్టిన."

మేనమామకు చదువు రాదు. ఏమన్నాడని అడిగాను.

"ఏం రాసిండ్రు అన్నడు. మంచిగనే రాసిండ్రు అన్న."

ఎత్తిపొడుపో, ఎగతాళో, ఉన్నమాటో నాకు తెలియలేదు. చాయ్ తాగాం. ఆ వారంలోనే గుంపుతో లారీ ఎక్కి పోయాడు. సీటు సంగతి ఇక ఎవరూ ఎత్తలేదు. ఏడెనిమిదేళ్లు ఆ పనుల్లోనే తిరిగాడు, ఏ కాలువ కింద ఏ ఊరు ఉందో ఆయనకు తెలిసినంత మా పత్రిక జిల్లా పేజీకి కూడా తెలియదు. తిరిగి వచ్చి, పెళ్లి ముందే అయింది కనుక పిల్లల్ని పెంచి, నీళ్లు వచ్చాక వరి వేసి, నిలదొక్కుకున్నాడు. మా రాకపోకలు ఎన్నడూ ఆగలేదు. పెళ్లిళ్లకు, చావులకు, దవాఖానలకు కలిసే తిరిగాం. ఆ ఆట గురించి మాత్రం మాట్లాడుకోలేదు. నాలుగో బంతి, ఫైనల్ కోసం దాచింది, పెట్టెలోనే మిగిలిపోయింది. సార్ బదిలీ అయి పోతూ, కెప్టెన్‌వి నువ్వే ఉంచుకో అన్నారు. ఆ పలచటి కాగితంలోనే నా బీరువాలో ఉంది. ఇల్లు మూడుసార్లు మారినా మారినచోటికల్లా వచ్చింది.

నిరుడు బావ మనవరాలు బడిలో ఇదే ఆటకు ఎంపికైందని, అందులోనూ పిచర్ అని తెలిసినప్పటినుంచీ నాకు నిలకడ పోయింది. ఆటలు ఎక్కడ జరిగినా పోతున్నాను. ఇప్పుడు వీళ్లకు బంతులు బకెట్ల నిండా వస్తున్నాయి. ప్రతి పిల్లకూ సొంత గ్లవ్ ఉంది. పిల్ల విసిరింది ఫోన్‌లో తీసి, మళ్లీ నెమ్మదిగా తిప్పి చూపించి, భుజం ఎక్కడ వంగిందో చెబుతాడు కోచ్. ఆముదపు కాయలు కొట్టిన చేతులు కావు ఇవి. మంచె ఎక్కిన పిల్లలూ కారు. జొన్న పోయి వరి వచ్చాక మంచెలే లేవు, వడిసెల అంటే ఏమిటని ఈ పిల్ల నన్నే అడిగింది. అన్నీ మారాయి. అయినా వీళ్లు కూడా కొట్టి గెలుస్తున్నారు, విసరలేక ఓడిపోతున్నారు. తల్లిదండ్రులు కూడా కొట్టినప్పుడే ఫోన్లు ఎత్తుతున్నారు.

నన్ను కూర్చోనివ్వనిది ఇదే. ఆ పది రోజులూ బావ చేతిలో తోలు బంతి ఉంటే ఆ ఎనిమిదింట్లో రెండో మూడో కిందికి దిగేవని, ఆయన బతుకు ఇంకో దారి పట్టేదని ఇన్నేళ్లూ నమ్ముతూ వచ్చాను. బకెట్ నిండా బంతులున్న ఈ పిల్ల కూడా నాలుగూ పక్కకే వేసింది. అంటే బంతి వల్ల కాదా, చెమట వల్లనా, మంచె వల్లనా, ఇంకొక పిచర్‌ను తయారుచేయని మా అందరి వల్లనా. నేరం చేశానని తెలిస్తే ఒక రకంగా నిమ్మళం. చేశానో లేదో తెలియకపోవడమే కష్టం.

ఆ ఆదివారం జనం లేచిపోయాక సంచి తెరిచి బంతి తీసి ఆయన చేతిలో పెట్టాను. కాగితం విప్పుతుంటే పొడిపొడిగా రాలింది. తెలుపు పోయి బెల్లం రంగుకు వచ్చింది తోలు.

"ఏం బాలురా ఇది?"

"ఫైనల్‌ది. నువ్వు అడిగితే ఇయ్యలే."

చాలాసేపు తిప్పి చూశాడు. రెండు వేళ్లు కుట్ల మీదికి వాటంతట అవే పోయాయి. అప్పటికి పిల్ల కళ్లు తుడుచుకొని మా దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఇస్తే మాత్రం పడుతుండెనా ఏంది. దీనికి బకీటు నిండ బాళ్లున్నయి. ఇదేమన్న ఏసిందా?" అన్నాడు బావ.

"తాతా, నేనిక్కడనే ఉన్న."

"ఉంటె ఉండు. నీకే చెప్తున్న."

పిల్ల ఆయన చేతిలోంచి బంతి లాక్కొని, వేళ్లు పెట్టి, ఒకసారి ఎగరేసి పట్టి, నా వైపు తిరిగి, దీని కుట్లు ఊడుతున్నయి, దీంతోని ఆడనియ్యరు తాతా అంది. బావ మళ్లీ తీసుకొని, తువ్వాలలో చుట్టి, తన సంచిలో పెట్టుకున్నాడు. నన్ను క్షమించాడో, అసలు క్షమించవలసింది ఏమీ లేదనుకున్నాడో, ఆ రోజు పెట్టె దగ్గర అడిగింది ఆయనకు గుర్తుందో లేదో కూడా చెప్పలేదు. బస్సులో వనపర్తి దాకా వరి నారు గురించి మాట్లాడాడు.

బుధవారం నాగర్‌కర్నూల్ జట్టుతో ఆట ఉంది. ఎవరు విసురుతారో కోచ్ ఇంకా చెప్పలేదు.